జీలకర్ర డబ్బాలో లస్కరు

మా అక్క ముప్పై ఏళ్ళ కాపురంలో మా బావ గిటారుని ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు. అందుకే మొదటిసారి "బాగుందండీ" అన్న రోజున ఆయన భయపడిపోయాడు.

ఆ భయం గురించి చెప్పేముందు నా గురించి ఒక ముక్క చెప్పాలి. మాది బందరు పక్కన చిలకలపూడి. రోల్డ్ గోల్డ్ పని. నువ్వుగింజంత లింకుల్ని ఒకదానికొకటి అతికి గొలుసు చెయ్యడం, దానికి బంగారు పూత వెయ్యడం. లంగా ఓణీల నాటి నుంచీ ఇదే చేస్తున్నాను. పూత వెయ్యడం చేతికి అలవాటైతే నోటికీ అలవాటవుతుందని మా బావ అంటాడు. నిజమే కావచ్చు. మా వీధిలో ఒకావిడ పరధ్యానంలో పూత తొట్టిలో వేలు ముంచితే ఆ వేలు కాస్తా బంగారమైపోయిందని, పెళ్ళిచూపుల్లో ఆ వేలొక్కటే చూపించి సంబంధం ఖాయం చేసుకున్నారని నేను చెబితే, గుడివాడలో నమ్మినవాళ్ళున్నారు. ఆ వేలు చూడాలని రైలెక్కి వచ్చినావిడ కూడా ఉంది. నేను ఏ కబురు చెప్పినా బావ కళ్ళజోడు పైకి నెట్టుకుని "మరదలా, ఇందులో ఇత్తడెంత, పూతెంత?" అని అడుగుతాడు. ఈ కథలో ఎక్కడ పూత వేశానో నేనే చెప్పేస్తాను. ఆయనకి ఆ శ్రమ లేకుండా.

అక్కా బావా గుడివాడలో ఉంటారు. బావ ఒక స్కూలు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఆయన వాయించేది ఒళ్ళో పడుకోబెట్టుకుని వాయించే గిటారు, హవాయి గిటారంటారు. కుడిచేత్తో తీగ మీటి, ఎడమచేత్తో ఒక ఉక్కు కడ్డీని తీగల మీద జారిస్తే, పాట మెట్లు దిగకుండా జారుడుబల్ల మీద దిగినట్టు దిగుతుంది. పెళ్ళికి ముందు బందరులో అద్దెగదిలో ఉన్నప్పుడు తనంతట తనే నేర్చుకున్నాడు. దానికి తోడు బియ్యం బస్తా అంత ఆంప్లిఫయరు. రోజూ సాయంత్రం ఐదుకి వరండాలో కూర్చుని మొదలుపెడితే వీధి చివరి దాకా వినపడేది.

అక్క ఎప్పుడూ ఎదురుగా కూర్చుని విన్నది లేదు. వంటింట్లో పని చేసుకుంటూ అక్కణ్ణుంచే కేకేసేది. రెండో తీగ శ్రుతి దిగిందనేది. చరణం దగ్గర ఆ తొందరేమిటి, బస్సు గాని పోతోందా అనేది. బాగా కోపం వచ్చిన రోజున పిల్లి ఈనుతున్నట్టుందనేది. బావ మారుమాట్లాడకుండా తీగ సవరించుకునేవాడు. వాళ్ళిద్దరూ సాయంత్రాలు మాట్లాడుకునే పద్ధతే అది. మామూలు మాటలకి వాళ్ళకి పెద్దగా అవసరం ఉండేది కాదు.

రెండేళ్ళ క్రితం అక్కకి చెవులు మందగించాయి. విజయవాడలో డాక్టరు చూసి రెండు చెవులకీ మిషన్లు పెట్టించాడు. శనగగింజంత ఉంటాయి, వెంట్రుకల్లో కలిసిపోతాయి. పెట్టుకున్న రోజున అక్క ఆనందం చూడాలి. గేటు చప్పుడు వినపడింది, కుక్కరు వినపడింది, పక్కింటి కోడలు గొణిగేది గోడ ఇవతలికి వినపడింది. అన్నీ వచ్చాయి గాని గిటారు మాత్రం రాలేదు. మొదలైన చోట కాస్త వినపడి, సాగే చోట మాయమైపోయేది. ఆ మిషన్లు బిగించేచోట అడిగితే చెప్పారు. చెవి మిషన్లకి ఉండుండి వాటంతట అవే ఈల వేసే రోగం ఉందట. అందుకని సన్నగా సాగే శబ్దం ఏది వినపడినా ఈల అనుకుని నొక్కెయ్యమని వాటికి నేర్పి పెట్టారట. బావ పాట అంతా సాగుడే కదా. ఎక్కడ రాగం తీస్తే అక్కడ పీక నొక్కేస్తోందది.

"చూశావా, ఆ మిషను కూడా నీ పక్షమే. నువ్వు ముప్పై ఏళ్ళుగా అంటున్న మాట అది ఒక్కరోజులో కనిపెట్టేసింది" అన్నాను అక్కతో. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

ఆ సంగతి ఆయనకి చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది. వినపడట్లేదంటే ఆయన వాయించడం మానేస్తాడని ఆవిడ బెంగ. దాంతో సాయంత్రాలు వంటిల్లు వదిలి వరండాలోకి వచ్చి, ఎదురుగా కుర్చీ వేసుకుని, ఆయన చేతులనే చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టింది. పాట అయిపోగానే "బాగుందండీ" అనేది.

బావ గుమాస్తా మనిషి. ముప్పై ఏళ్ళుగా లేని మాట కాగితం మీద కనపడితే అనుమానించడం ఆయన వృత్తి. నాలుగు రోజులు చూశాడు. ఐదో రోజు కావాలని రెండో తీగని బాగా దించేసి, చరణాలు తారుమారు చేసి, ఒక పాట మధ్యలో ఇంకో పాట దూర్చి వాయించాడు. అక్క తల ఊపింది. బాగుందండీ అంది. బావ గిటారుని తుడిచి పెట్టెలో పెట్టి, ఆ పెట్టెని అటక మీదికి ఎక్కించేశాడు. బంటుమిల్లి చర్చిలో పాటలు పాడే వాళ్ళు ఎప్పటినుంచో ఒక గిటారు కావాలని తిరుగుతున్నారు. పై ఆదివారం ప్రార్థన అయ్యాక వచ్చి తీసుకెళ్ళండి అని వాళ్ళకి ఫోను చేసేశాడు.

ఈ కబురు నాకు సోమవారం తెలిసింది. బందరు పాసింజరెక్కి గుడివాడ వెళ్ళేసరికి అక్క వంటింట్లో చారుకి పోపు వేస్తోంది. ఆ వారం రోజులుగా ఆయన సాయంత్రాలు టీవీ ముందు కూర్చుంటున్నాడని, చూడట్లేదని, ఊరికే కూర్చుంటున్నాడని చెప్పింది.

"అబద్ధం నీలాగా చెప్పలేకపోయానే" అంది.

"నువ్వు అబద్ధం చెప్పడానికి ఎంచుకున్న మాట తప్పు. తిట్టి ఉండాల్సింది" అన్నాను.

ఆ మాటకి పోపు మాడబెట్టుకుంది.

టీవీ వైపు చూస్తే నాకో ఆలోచన వచ్చింది. చెవి మిషన్లతోపాటు వాళ్ళు అరచేతిలో పట్టే చిన్న డబ్బా ఒకటి ఇచ్చారు. టీవీ నుంచి ఒక వైరు తెచ్చి దాని వెనకాల గుచ్చితే, టీవీ మాటలు గాలిలోంచి కాకుండా తిన్నగా అక్క చెవుల్లోకే వెళ్ళిపోతాయి. అలా వెళ్ళేదాన్ని మిషను ఈల అనుకోదు, నొక్కదు. సీరియల్లో వయొలిన్ ఏడుపంతా అక్కకి నిక్షేపంగా వినపడుతోంది మరి. టీవీ వైరు తీసేసి, ఆ బెజ్జంలో గిటారు వైరు పెడితే పోలా?

బావ మొదట ఒప్పుకోలేదు. ఆదివారం పోయే గిటారుని సోమవారం దించడం ఎందుకన్నాడు. పోయేముందు స్నానం చేయించరా ఏ పెళ్ళికూతురికైనా అన్నాను. దించాడు. ఆంప్లిఫయరు లేకుండా వాయిస్తే ఆ గిటారుకి గొంతే లేదు. దానికి మామూలు గిటారులాగా డొల్ల పొట్ట ఉండదు, నిండు చెక్క. పక్కన కూర్చున్న నాకు తీగల మీద గోళ్ళతో గీకినట్టు టిక్కుటిక్కుమని వినపడింది, అంతే. పాటంతా వైరులోంచి అక్క చెవుల్లోకి పోతోంది. బావా నేనూ ఆవిడ మొహం వంకే చూస్తున్నాం.

పాట అయింది. "బాగుంది" అంది అక్క.

బావ ఉక్కు కడ్డీ కింద పెట్టేశాడు. నేను అక్కని వంటింట్లోకి లాక్కెళ్ళి నిజం చెప్పమన్నాను. వినపడుతోందట. కానీ ఎవరో దుప్పటి ముసుగేసుకుని పక్క వీధిలో పాడుతున్నట్టుందట. ఏ తీగో తెలియట్లేదు, ఎక్కడ జారుతోందో తెలియట్లేదు. వంక పెట్టడానికి కూడా ఏమీ దొరకట్లేదు అంది. 

మసకబారింది ఏదైనా సరే, మా చిలకలపూడి వాళ్ళకి ఒక్కటే వైద్యం. నేను గిటారు వైరు చివర్లు చూశాను. ఆ పిన్ను ముప్పై ఏళ్ళది, నల్లగా మాసిపోయి ఉంది. దుప్పటి ఎక్కడుందో దొరికిందనుకున్నాను. వైరు చుట్టుకుని సంచిలో వేసుకున్నాను. ఎందుకైనా మంచిదని బావ చూడకుండా ఆ ఉక్కు కడ్డీ కూడా వేసుకున్నాను. చిలకలపూడి వెళ్ళి రెండింటినీ తోమి, ఆరబెట్టి, పెళ్ళి నగకి వేసినంత మందంగా పూత వేశాను. గిటారు తీగలకి కూడా వేద్దామనుకున్నాను గాని అవి ఊడదీస్తే బావకి తెలిసిపోతుంది. మా ఇంటి పక్కావిడ ఆ కడ్డీ చూసి, ఇది ఏ దేవుడి చేతిలోదండీ అని కళ్ళకద్దుకుంది. ఇది పూత. ఆవిడ కళ్ళకద్దుకోలేదు, ఊరికే అడిగింది.

బుధవారం మళ్ళీ గుడివాడ. బంగారు కడ్డీని బావ కళ్ళజోడు పైకి నెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత తీగ మీద పెట్టి ఒక్కసారి జార్చాడు. సగం పూత తీగకి అంటుకుపోయింది. తీగ మెరిసింది, కడ్డీ గీతలు పడింది. వైరు గుచ్చి వాయించాడు.

అక్క నా శ్రమ చూసింది కదా. "చాలా బాగుంది" అంది.

"చాలా కూడా వచ్చేసిందమ్మా మరదలా. ఇంక ఆశ లేదు" అన్నాడు బావ.

గిటారుని పెట్టెలో పెట్టాడు గాని ఈసారి అటక ఎక్కించలేదు. నాలుగు రోజుల్లో తీసుకెళ్ళేదానికి మళ్ళీ నిచ్చెనెందుకని గుమ్మం పక్కనే నిలబెట్టాడు. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ అక్క ఆ పెట్టెని తప్పించుకుని నడవడం చూశాను. నాకు నవ్వు రావడం మానేసింది అప్పుడే.

అవనిగడ్డ దగ్గర నాకు తెలిసిన ముసలాయన ఒకాయనున్నాడు. బాబాయ్ అంటాను, చుట్టరికం లేదు. దివిసీమలో పెళ్ళైనా, తిరునాళ్ళైనా, నాటకమైనా ఒకప్పుడు మైకుసెట్టు ఆయనదే. మా అక్క పెళ్ళికీ ఆయనే కట్టాడు. ఇప్పుడు కాలువగట్టు పక్కన రేకుల షెడ్డులో పాత ఆంప్లిఫయర్లు రిపేరు చేస్తూ ఉంటాడు. గురువారం పొద్దున్నే ఆ వైరు సంచిలో వేసుకుని బస్సెక్కాను. చల్లపల్లి, మోపిదేవి దాటి పులిగడ్డ దగ్గర ఏరు దాటేటప్పుడు, ఏటి మీదుగా కాలువ దాటించిన అక్విడెక్టు కనిపించింది. నీళ్ళ మీద నీళ్ళు నడుస్తున్నాయి. గంట తర్వాత ఆ నీళ్ళతోనే నాకు పాఠం చెబుతారని అప్పటికి తెలియదు.

బాబాయ్ వైరు చేతిలోకి తీసుకుని, పూత పూసిన పిన్నుని వెలుతురులో తిప్పి చూశాడు.

"పెళ్ళికూతురల్లే ఉంది. పూత నువ్వే వేశావా?"

"అవును."

"పని బాగుందమ్మాయ్. జబ్బు మాత్రం ఇక్కడ లేదు."

అక్క సంగతి, దుప్పటి సంగతి, ఆదివారం సంగతి అన్నీ చెప్పాను. మధ్యలో ఎక్కడా పూత వెయ్యలేదు, ఆయన కూడా ఆశ్చర్యపోయి ఉంటాడు. అంతా విని, లేచి, నన్ను షెడ్డు వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడ పెద్ద కాలువ. దాని ఒడ్డున అంకెలు చెక్కిన రాయి ఒకటి నీళ్ళలో నిలబడి ఉంది. వాళ్ళ నాన్న లస్కరుగా చేశాడట. లస్కరంటే మా వైపు తెలియనివాళ్ళుండరు. కాలువల షట్టర్లు ఎత్తేదీ దించేదీ ఆయనే. రోజూ వచ్చి ఆ రాయి మీద మట్టం ఎంతుందో చూసి, దాన్నిబట్టి నీళ్ళు వదులుతాడు.

బాబాయ్ చెప్పింది నాకు అర్థమైనంత ఇది. గిటారు తీగల కింద అయస్కాంతం ఉంటుంది, దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్న తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. ఉక్కుతీగ కదిలితే అందులో కాస్త కరెంటు పుడుతుంది. అది శివారు పొలాల్లో పిల్లకాలువ లాంటిది, చీలమండ లోతు నీళ్ళు. ఆ టీవీ డబ్బా బెజ్జాన్ని లైను అంటారు. టీవీలు, రేడియోలు బలంగా తోసే నీళ్ళకి అలవాటుపడ్డ వెడల్పాటి నోరు అది. ఆ నోటిని తెచ్చి పిల్లకాలువకి పెడితే ఒక్క గుక్కలో ఎండగట్టేస్తుంది. ముందు ఎండిపోయేవి మెరక చేలు, అంటే సన్న శబ్దాలు. పల్లంలో మిగిలిన లావు శబ్దం ఒక్కటే అక్క చెవికి చేరుతోంది. అదే దుప్పటి.

"మరి ఆంప్లిఫయర్లో బానే మోగేదిగా బాబాయ్?"

"దాని నోరు గిటారు కోసమనే సన్నగా చేశారు. తడి చేసుకుంటుందే గాని తాగదు."

"అయితే ఏం చెయ్యాలి?"

"మధ్యలో ఒక లస్కరుని పెట్టాలి."

లస్కరు నీళ్ళు తాగడు. పిల్లకాలువలో రాయి చూస్తాడు, అంతే. ఇక్కడ మట్టం జానెడుంటే, అక్కడ పెద్ద కాలువ షట్టరు ఎత్తి సరిగ్గా జానెడే వదులుతాడు. ఇక్కడ తగ్గితే అక్కడ దించుతాడు. నీళ్ళు పెద్ద కాలువవి, మట్టం మాత్రం పిల్లకాలువది. అవతలివాడు ఎంత తాగినా పిల్లకాలువకి నష్టం లేదు. మైకుసెట్ల వాళ్ళ భాషలో ఆ లస్కరుని బఫర్ అంటారు. పెద్ద కాలువంటే తొమ్మిది వోల్టుల బ్యాటరీ.

ఇంకొకటి కూడా చెప్పాడు. లస్కరు మట్టాన్ని ఉన్నదున్నట్టు అప్పజెబుతాడే గాని పెంచడు. గిటారు మట్టం లైను మట్టానికి చాలదు. మెరక చేనుకి నీళ్ళెక్కాలంటే మోటారు పెట్టినట్టు, లస్కరు వెనకాల ఐసీ అనే ఎనిమిది కాళ్ళ చిప్పు ఒకటి పెట్టి మూడింతలు ఎత్తాలి. ముందు లస్కరు, తర్వాత మోటారు. ఆ వరస తప్పకూడదన్నాడు. ఒక పాత శుభలేఖ వెనకాల బొమ్మ గీసి ఇచ్చాడు.

సామాన్లు ఆయన డబ్బాల్లోనే దొరికాయి. లస్కరు పని చేసేది ఒక మూడు కాళ్ళ పురుగు, ట్రాన్సిస్టరంటారు, కందిగింజంత ఉంటుంది. అవి మూడే మిగిలాయి. అతికే పని మాత్రం నువ్వే చేసుకో, నాకు కళ్ళానడం లేదు అన్నాడు బాబాయ్. నాకు అతుకులు ఒక లెక్కా? లింకులో లింకు అతికేదాన్ని. కూర్చున్నాను. ఇక్కడే మా చిలకలపూడి బుద్ధి బయటపడింది. గొలుసు అతికేటప్పుడు లోహం బాగా కాగి, అతుకు పెట్టే టాకా కరిగి నీళ్ళలా పారి లింకు చుట్టూ తిరిగేదాకా వేడి తియ్యం. అలాగే పట్టుకుని కూర్చున్నాను. అతుకు అద్దంలా మెరిసింది. పురుగు చచ్చిపోయింది.

"బంగారం కాదమ్మాయ్ అది, ప్రాణం ఉన్నది" అన్నాడు బాబాయ్, మీటరు పెట్టి చూసి.

రెండోదానికి భయపడి భయపడి తొందరగా తీసేస్తే అతుకు పట్టలేదు. మళ్ళీ పెట్టాను, అదీ పోయింది. ఇక ఒక్కటే. బాబాయ్ టీ తెప్పించాడు. టీ తాగుతుంటే మా అమ్మ నేర్పిన పద్ధతి గుర్తొచ్చింది. రాయి పొదిగిన నగకి అతుకు వెయ్యాల్సి వస్తే, వేడి రాయి దాకా పోకుండా మధ్యలో పట్టకారుతో పట్టుకునేది. వేడిని పట్టకారు తాగేస్తుంది. మూడోదాని కాలుని అలా పట్టకారుతో పట్టి, ఒక్కో అతుకుకీ మధ్యలో ఊదుకుంటూ వేశాను. బాబాయ్ మీటరు పెట్టి చూశాడు. ముల్లు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగిందట. ఇనుప డబ్బానో స్టీలు డబ్బానో ఏదో ఒకదాంట్లో పెట్టి, డబ్బా ఒంటికి కూడా ఒక వైరు కలపమన్నాడు. ప్లాస్టిక్ డబ్బాలో పెడితే ఇంట్లో కరెంటు గోలంతా లోపలికొచ్చి, రొయ్యల చెరువులో ఏరేటరు తిరుగుతున్నట్టు మోగుతుందట.

శనివారం మధ్యాహ్నం గుడివాడలో దిగాను. అక్క వంటింట్లో ఆ కొలతకి సరిపడే స్టీలు డబ్బా ఒక్కటే ఉంది, జీలకర్రది. అక్క పడుకున్నప్పుడు జీలకర్ర గ్లాసులో పోసేసి, డబ్బా పెరట్లోకి తీసుకెళ్ళి, వెంట తెచ్చుకున్న చేతిడ్రిల్లుతో రెండు బెజ్జాలు పెట్టాను. బావ పట్టుకున్నాడు, డబ్బానీ నన్నూ కూడా.

"మళ్ళీ ఏం పూత ఇది?"

"పూత కాదు బావా. లస్కరు."

శుభలేఖ మీది బొమ్మ చూపించి, బాబాయ్ చెప్పిందంతా చెప్పాను. ఆయన నమ్మలేదు. నమ్మలేదు గాని డబ్బా కదలకుండా పట్టుకున్నాడు. ఈలోగా అక్క లేచింది. జీలకర్ర డబ్బా ఏదే అని ఇల్లంతా వెతుకుతోంది. నువ్వే ఎక్కడో పెట్టుంటావన్నాడు బావ. పెళ్ళయ్యాక ఆయన ఆడిన మొదటి అబద్ధం అదేనేమో, చెవులు ఎర్రగా అయిపోయాయి.

ఐదైంది. డబ్బాని గిటారు పెట్టె చాటున పెట్టి, గిటారు వైరు దానికి గుచ్చి, దాని నుంచి ఇంకో వైరు టీవీ డబ్బాకి ఇచ్చాను. బావ వరండాలో కూర్చున్నాడు. అక్కని పిలవబోతే ఆయన వద్దని చెయ్యి ఊపాడు. పిలిస్తే వచ్చి ఎదురుగా కూర్చుంటుంది, చేతులు చూస్తుంది, బాగుందంటుంది. ఆ మాట ఇంకొకసారి వినే ఓపిక ఆయనకి లేదు. అక్క లోపల దోసెల పిండి రుబ్బుకుంటోంది. చెవులకి మిషన్లున్నాయి. పాట వెళితే అక్కడికే వెళుతుంది.

మొదలుపెట్టాడు. నాకు మళ్ళీ అదే టిక్కుటిక్కు. కడ్డీ మీద నా పూత చారలు చారలుగా మిగిలుంది. పల్లవి అయింది. లోపల గ్రైండరు తిరుగుతూనే ఉంది. రెండోసారి పల్లవి అందుకున్నాడు. గ్రైండరు ఆగింది. కరెంటు పోయిందేమోనని ఫ్యాను వంక చూశాను, తిరుగుతోంది. బావ తల ఎత్తలేదు. ఆయన చరణంలోకి దిగాడు. లోపల చప్పుడు లేదు. చరణం సగంలో ఉండగా వంటింట్లోంచి కేక.

"ఏవండీ, రెండో తీగ దిగింది. చూసుకోరేం?"

బావ చెయ్యి తీగ మీదే ఆగిపోయింది.

"ఆపమనలేదు, సవరించుకోమన్నాను. ఆ చరణం దగ్గర పరుగెందుకసలు, బస్సు గాని పోతోందా?"

ఆయన నా వైపు చూశాడు. విన్నావా అని నోటితో అనలేదు, కళ్ళతో అడిగాడు. విన్నాను. వీధి కూడా వినే ఉంటుంది. ఆయన రెండో తీగ మర మీద చెయ్యి వేశాడు, వేసి మళ్ళీ తీసేశాడు. అలా శ్రుతి తగ్గిన తీగతోనే మళ్ళీ మొదటి నుంచి వాయించాడు. లోపలి నుంచి మళ్ళీ కేక. ఇంకా గట్టిగా. ముప్పై ఏళ్ళలో చెప్పగానే తీగ సవరించని రోజు అదొక్కటే. మూడు పాటలు అలాగే వాయించాడు దుర్మార్గుడు. మూడో పాటకి అక్క పిండి చేతులతో బయటికొచ్చి, వైరు వెంబడి కళ్ళు పోనిచ్చి, గిటారు పెట్టె చాటున ఉన్న డబ్బాని చూసింది.

"నా జీలకర్ర డబ్బా" అంది.  లోపలికెళ్ళిపోయింది. గ్రైండరు చప్పుడు చాలాసేపు వినపడలేదు.

ఆదివారం బంటుమిల్లి నుంచి ఇద్దరొచ్చారు. అక్క వాళ్ళకి కాఫీ ఇచ్చి, బావ నోరు తెరవకముందే ఆంప్లిఫయరు చూపించింది. చర్చికి ఇది బాగా పనికొస్తుందండీ, ఊరంతా వినపడుతుందంది. గిటారన్నారు కదండీ అని వాళ్ళలో పెద్దాయన నసిగాడు. దానితో నాకు పని ఉందండీ అంది అక్క. ఆయన అర్థం కాక బావ వైపు చూశాడు. బావ కాఫీ గ్లాసులోకి చూసుకున్నాడు. ఇద్దరూ ఆంప్లిఫయరు ఆటోలోకి ఎక్కించుకున్నారు. అంత బరువుంటుందని వాళ్ళనుకోలేదు, ఆటో వెనక చక్రాలు భూమిలోకి దిగిపోయాయి. ఇది పూత.

బాబాయ్‌కి ఫోను చేసి చెబితే, వచ్చే ఏడు లస్కరుకి ప్రమోషనివ్వమన్నాడు. డబ్బా ఇప్పటికీ వరండాలోనే ఉంది. నెలకో రెండు నెలలకో బ్యాటరీ అయిపోతుంది. అయిపోయిందని ముందు తెలిసేది అక్కకే. పాట దూరమైపోతోందని చెప్పి తనే మూత తీసి మారుస్తుంది. మూత తీసినప్పుడల్లా జీలకర్ర వాసన వస్తుంది.

గుడివాడ వెళ్ళినప్పుడల్లా ఐదింటికి నేను బావ పక్కన కూర్చుంటాను. వీధికి వినపడదు, పక్కింటికి వినపడదు, రెండడుగుల దూరంలో ఉన్న నాకూ ఆ టిక్కుటిక్కు తప్ప ఏమీ వినపడదు. ఆయన కళ్ళు మూసుకుని కడ్డీ జార్చుకుంటూ ఉంటాడు. గుమ్మంలోంచి చూస్తే వంటింట్లో అక్క వీపు కనపడుతుంది. కూర తరిగే కత్తి ఒక్కోసారి ఆగి, మళ్ళీ కదులుతుంది. లస్కరు పెట్టాక ఆ గిటారు ఎలా పలుకుతోందని బాబాయ్ అడిగాడు, మా వీధివాళ్ళూ అడిగారు. ఏదో ఒకటి చెప్పొచ్చు. గుడివాడ పిల్లులన్నీ గేటు ముందు వరసగా కూర్చుంటున్నాయని చెబితే నమ్ముతారు కూడా. కానీ నేను విననేలేదు కదా.

మొన్న ఉండబట్టలేక వంటింట్లోకెళ్ళి అక్కనే అడిగాను, నిజంగా ఎలా ఉందే అని. ఆవిడ ఆగమన్నట్టు వేలు చూపించింది. వరండాలో బావ చెయ్యి తీగ చివరిదాకా జారి ఆగేవరకు ఊపిరి బిగబట్టి ఉంది. తర్వాత నా వైపు తిరిగింది.

"పిల్లి ఈనుతున్నట్టే ఉందే" అంది, మళ్ళీ కత్తి అందుకుంటూ.